తెర మీద గీత, మంచం మీద మనిషి

అత్యవసర వార్డులో పక్కపక్క మంచాల మీద ఇద్దరున్నారనుకుందాం. మొదటాయన మానిటర్ మీద గీత చూస్తే కొత్తగా చేరిన నర్సుకు గుండె ఝల్లుమంటుంది. రంపపు పళ్లలాంటి వెడల్పాటి అలలు, వేగం నిమిషానికి 170. ఆయన మాత్రం చెమట తుడుచుకుంటూ ‘కాస్త ఆయాసంగా ఉందమ్మా’ అంటున్నాడు. రెండో మంచం దగ్గర గీత పుస్తకంలో అచ్చేసిన బొమ్మలా ఉంది, నిమిషానికి 70. కానీ ఆ మనిషి మెడ మీద వేళ్లు పెడితే నాడి అందడం లేదు. ముందు ఎవరి దగ్గరికి పరుగెత్తాలి?

రెండో ఆయన దగ్గరికే. గుండెలో విద్యుత్తు చక్కగా నడుస్తోంది గానీ, కండరం రక్తాన్ని ముందుకు తోయడం లేదు. ప్రాణాంతకమైన లయ దోషాలకు అత్యవసర వైద్యం గురించి నూట పాతికేళ్లలో పోగైన జ్ఞానాన్ని ఒకచోట పరిచి చూస్తే, అందులో మళ్లీ మళ్లీ ఎదురయ్యే పాఠం ఇదే. గీతను దిద్దడం వేరు, మనిషిని బతికించడం వేరు. ఈ రెంటికీ మధ్య ఎడం ఎక్కడెక్కడ బయటపడిందో, దాన్ని వైద్యం ఎంతవరకు పూడ్చగలిగిందో చూద్దాం.

ఆగడంలో నాలుగు తీర్లు

‘గుండెపోటుతో మృతి’ అని పత్రికల్లో ఒకే మాటతో సరిపెడతాం. నిజానికి గుండెపోటు వేరు, గుండె ఆగిపోవడం వేరు. గుండెపోటు రక్తనాళానికి వచ్చిన జబ్బు. గుండె కండరానికి రక్తం తెచ్చే ధమని పూడుకుపోతుంది. మనిషి నొప్పితో మెలికలు తిరుగుతున్నా సాధారణంగా తెలివిలోనే ఉంటాడు. గుండె ఆగిపోవడమంటే ఒంట్లో రక్తప్రసరణే నిలిచిపోవడం. పది, పదిహేను సెకన్లలో స్పృహ పోతుంది. మొదటిది రెండోదానికి దారితీయవచ్చు. పోటు వచ్చిన తొలి గంటల్లో ఆ భయం మరీ ఎక్కువ.

కుడి కర్ణిక పైభాగంలో ఉండే చిన్న కణాల ముద్ద నిమిషానికి 60 నుంచి 100 సార్లు సంకేతం పంపుతుంది. అది కర్ణికల మీదుగా ఒక ఇరుకు దారిలో జఠరికలకు దిగుతుంది. ఈ క్రమం చెడి నాడి అందకుండా పోయినప్పుడు తెర మీద కనిపించేవి నాలుగే. మొదటిది వెంట్రిక్యులార్ ఫిబ్రిలేషన్: జఠరికలు ముడుచుకోవడం మాని, చలిజ్వరం పట్టినట్టు వణుకుతాయి. రెండోది నాడి లేని వెంట్రిక్యులార్ టాకికార్డియా: జఠరికలు నిండేంత వ్యవధి కూడా లేకుండా ఖాళీగానే కొట్టుకుంటాయి. మూడోది అసిస్టోలీ, అంటే చదునైన గీత. నాలుగోది మన రెండో మంచం వ్యవహారం; వైద్యులు దాన్ని పీఈఏ అంటారు.

మొదటి రెండింటికీ షాక్ పనిచేస్తుంది, చివరి రెండింటికీ పనిచేయదు. చదునైన గీతకు షాక్ కొట్టి హీరోను లేపడం సినిమాలో చెల్లుతుందేమో గానీ ఆసుపత్రిలో చెల్లదు. షాక్ ఆగిన గుండెను తన్ని లేపదు. అల్లకల్లోలంగా సుడులు తిరుగుతున్న విద్యుత్తునంతా ఒక్క దెబ్బతో అణచివేస్తుంది. ఆ క్షణకాలపు నిశ్శబ్దంలో పైనున్న కణాల ముద్ద మళ్లీ పగ్గాలు అందుకుంటుంది. అణచడానికే ఏమీ లేనిచోట షాక్ చేసేదేముంది?

కరెంటు నడిచిన దారి

జెనీవాలో ప్రెవో, బతెల్లీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1899లో కుక్కల మీద ప్రయోగాలు చేస్తూ ఒక వింత గమనించారు. చిన్న కరెంటు గుండెను వణుకులోకి నెడుతోంది, పెద్ద కరెంటు ఆ వణుకునే ఆపుతోంది. మనిషి విషయంలో అది నెగ్గడానికి దాదాపు అర్ధశతాబ్దం పట్టింది. 1947లో క్లీవ్‌లాండ్‌లో క్లాడ్ బెక్ అనే సర్జన్ చేతుల మీద, ఛాతీ ఆపరేషన్ జరుగుతుండగా 14 ఏళ్ల కుర్రాడి గుండె ఆగింది. బెక్ గుండెను చేత్తోనే పిసుకుతూ ముప్పావుగంట నెట్టుకొచ్చి, చివరికి నేరుగా దానికే కరెంటు పెట్టి కుర్రాణ్ణి బతికించాడు. ఛాతీ తెరవకుండా పైనుంచే షాక్ ఇవ్వవచ్చని బోస్టన్‌లో పాల్ జోల్ 1956లో చూపించాడు.

అప్పటికి వాడుతున్నది గోడ ప్లగ్గులోంచి వచ్చే ఏసీ కరెంటు. డీసీ మేలని సోవియట్ రష్యాలో నౌమ్ గుర్విచ్ ముందే కనిపెట్టినా, ప్రపంచమంతా దాన్ని అందుకున్నది 1962లో బెర్నార్డ్ లౌన్ చేసిన పనితోనే. ప్రతి స్పందన చివరా గుండె మరీ సున్నితంగా ఉండే ఒక లిప్తపాటు ఉంది. షాక్ సరిగ్గా అప్పుడు తగిలితే, కాస్తో కూస్తో కొట్టుకుంటున్న గుండె కూడా వణుకులోకి జారిపోతుంది. అందుకే నాడి ఉన్న రోగికి షాక్ ఇచ్చేటప్పుడు, ఈసీజీతో జతకట్టి ఆ లిప్త తప్పించే పద్ధతిని లౌన్ స్థిరపరిచాడు. నేటి యంత్రాలు కరెంటును రెండు దిశల్లో పంపుతాయి. పాత యంత్రాలకు 360 జూల్స్ కావలసిన చోట వీటికి 120 నుంచి 200 సరిపోతాయి.

ఇక మిగిలింది దూరం. రోగి యంత్రం దగ్గరికి వచ్చేలోగానే పోతున్నాడు గనక యంత్రమే రోగి దగ్గరికి వెళ్లాలని బెల్‌ఫాస్ట్‌లో ఫ్రాంక్ పాంట్రిడ్జ్ పట్టుబట్టాడు. 1966లో ఆయన అంబులెన్సులోకి ఎక్కించిన డీఫిబ్రిలేటర్ కారు బ్యాటరీలతో నడిచేది, బరువు 70 కిలోలు. రెండు మూడేళ్లలో అది మూడు కిలోలకు తగ్గింది. ఇవాళ విమానాశ్రయాల గోడలకు కనిపించే ఏఈడీ దాని మనవడే. అది తానే లయను చదువుతుంది, నోటితో సూచనలు చెబుతుంది, అవసరం లేకపోతే షాక్ ఇవ్వదు.

సమయం ఎంత నిర్దయగా లెక్క కడుతుందో లాస్ వేగాస్ జూదశాలల్లో తేలింది. అడుగడుగునా కెమెరాలుండటంతో ఎవరు ఏ క్షణంలో కూలిపోయారో నమోదైంది. పందెం బల్లల దగ్గరి భద్రతా సిబ్బందికే ఏఈడీలు ఇచ్చారు. 2000లో వెలువడిన ఆ లెక్క ప్రకారం, చూస్తుండగా ఫిబ్రిలేషన్‌తో కూలినవారిలో మూడు నిమిషాల్లోపు షాక్ అందినవారు 74 శాతం బతికారు; మూడు దాటితే 49 శాతం. ఎవరూ చెయ్యి వేయకుండా గడిచే ఒక్కో నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం చొప్పున కరిగిపోతుంది.

రెండు అరచేతులు

ఆ కరుగుదలను సగానికి తగ్గించేది ఛాతీ నొక్కుడు. ఇదీ అనుకోకుండా దొరికినదే. జాన్స్ హాప్‌కిన్స్‌లో డీఫిబ్రిలేటర్ మీద పనిచేస్తుండగా, బరువైన పలకల్ని కుక్క ఛాతీకి అదిమిన ప్రతిసారీ రక్తపోటు కాస్త లేవడం గై నికర్‌బాకర్ కంటపడింది. 1960లో ఆయన, కౌవెన్‌హోవెన్, జూడ్ కలిసి ప్రకటించిన పద్ధతే నేటి సీపీఆర్. ఛాతీ మధ్యలో, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, అయిదారు సెంటీమీటర్ల లోతున నొక్కాలి. ప్రతి నొక్కు తర్వాత ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వాలి. నవారు మంచం మీద చేస్తే నొక్కంతా నవారే మింగేస్తుంది గనక మనిషిని నేల మీదికి దించాలి.

మన ఇళ్లలో అసలు ఇబ్బంది వేరే చోట ఉంది. గుండె ఆగిన తొలి నిమిషాల్లో చాలామందికి ఎగశ్వాస వస్తుంది. నోరు తెరుచుకుని ఆగి ఆగి ఊపిరి లాగుతుంటే, చుట్టూ ఉన్నవాళ్లు ‘శ్వాస ఆడుతోంది, ఫరవాలేదు’ అనుకుంటారు. లేదా ఇక అంతేనని నోట్లో నీళ్లు పోస్తారు. కొందరికి ఒళ్లు కొట్టుకుంటుంది. మూర్ఛ అనుకుని చేతిలో తాళంచెవుల గుత్తి పెడతారు. ఎగశ్వాసను శ్వాసగా లెక్కించకూడదు. పిలిస్తే పలకకుండా, మామూలుగా ఊపిరి తీయకుండా ఉంటే గుండె ఆగినట్టే భావించి నొక్కడం మొదలుపెట్టాలి.

మందుల తూకం

ప్రజల ఊహలో అత్యవసర వైద్యమంటే ఇంజెక్షనే. ఈ రంగంలో మాత్రం మందుల చరిత్రంతా అణకువ నేర్పే చరిత్ర.

అందరినీ ఉలిక్కిపడేలా చేసింది క్యాస్ట్ అనే అధ్యయనం. గుండెపోటు వచ్చి తేరుకున్నవారి ఈసీజీలో అప్పుడప్పుడు అదనపు జఠరిక స్పందనలు కనిపిస్తాయి. అవి ఎక్కువగా ఉన్నవారికి ఆకస్మిక మరణం ముప్పు ఎక్కువ. అలాంటప్పుడు ఆ స్పందనల్ని మందుతో అణిస్తే ముప్పూ తగ్గాలి కదా? ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ వాటిని చక్కగా అణిచాయి, గీత ముచ్చటగా కుదురుకుంది. మనుషులు మాత్రం ఎక్కువ మంది చనిపోయారు. సగటున పది నెలల్లో, మందు పుచ్చుకున్న 755 మందిలో 63 మంది, ఉత్తుత్తి మాత్ర పుచ్చుకున్న 743 మందిలో 26 మంది. 1989లో ఆ రెండు మందుల పరీక్షను మధ్యలోనే ఆపేశారు.

ఆగిన గుండెకు దశాబ్దాలుగా ఇస్తున్న అడ్రినలిన్‌ను కూడా చివరికి తూకం వేశారు. బ్రిటన్‌లో 8,014 మంది మీద జరిగి 2018లో వెలువడిన అధ్యయనంలో, నెల తర్వాత బతికి ఉన్నవారు అడ్రినలిన్ వర్గంలో 3.2 శాతం, లేని వర్గంలో 2.4 శాతం. లాభమే. కానీ మెదడు చెప్పుకోదగ్గ దెబ్బ తినకుండా బయటపడినవారి లెక్కలో రెండు వర్గాలకూ గట్టి తేడా కనిపించలేదు. గుండెను మళ్లీ కొట్టించిన మందు మెదడుకు ఆ హామీ ఇవ్వలేకపోయింది. షాకులకు లొంగని ఫిబ్రిలేషన్‌కు అమియోడరోన్ 300 మిల్లీగ్రాములు, లేదా లిగ్నోకైన్ ఇస్తారు. 3,026 మంది మీద 2016లో వచ్చిన ఫలితాల్లో, ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లినవారు అమియోడరోన్‌తో 24.4 శాతం, లిగ్నోకైన్‌తో 23.7, ఏ మందూ లేకుండా 21. తేడా గట్టిగా రుజువు కాలేదు. అయితే కూలిపోవడం ఎవరో చూసి, త్వరగా మందు అందినవారిలో కొంత మేలు కనిపించింది. మళ్లీ సమయం దగ్గరికే వచ్చాం.

దీనితో పోల్చదగ్గది 2022లో కెనడా నుంచి వచ్చిన ఫలితం. మూడు షాకులకు లొంగని 405 మందిలో, పలకల స్థానం మార్చకుండా అలాగే కొనసాగించినప్పుడు 13.3 శాతం బతికారు. ఒక పలకను ఛాతీ ముందు, మరొకదాన్ని వీపు మీద పెడితే 21.7, రెండు యంత్రాలతో వెంటవెంటనే రెండు షాకులిస్తే 30.4. కొత్త మందేదీ లేదు, కరెంటు వెళ్లే దారి మాత్రమే మారింది. ఇతర చోట్లా ఇదే ఫలితం వస్తుందా అన్నది ఇంకా తేలవలసిన ప్రశ్న.

నాడి ఉన్నప్పుడు

నాడి అందుతూ గుండె విపరీతంగా పరుగెడుతుంటే వైద్యుడు వేసుకోవలసిన మొదటి ప్రశ్న ‘ఇది ఏ లయ?’ అని కాదు, ‘ఈ మనిషి తట్టుకుంటున్నాడా?’ అని. రక్తపోటు పడిపోవడం, తెలివి మందగించడం, ఛాతీ నొప్పి, ఊపిరితిత్తుల్లో నీరు చేరడం: వీటిలో ఏది కనిపించినా, వీలైతే మత్తిచ్చి, వెంటనే జతకట్టిన షాక్ ఇవ్వాలి. తట్టుకుంటుంటే ఆలోచించడానికి వ్యవధి ఉన్నట్టే. మన మొదటి మంచం ఆయన ఈ కోవలోవాడు. వెడల్పు అలలతో క్రమంగా పరుగెత్తే లయను, వేరేదని రుజువయ్యేదాకా జఠరికల టాకికార్డియాగానే చూడాలన్నది పాత సూత్రం, ఇప్పటికీ చెల్లే సూత్రం.

సన్నటి అలలతో వేగంగా పరుగెత్తే లయ చాలావరకు పైఅంతస్తుది, అంటే జఠరికలకు పైన పుట్టేది, అంత ప్రమాదకరం కాదు. దీనికి మొదటి చికిత్స ఖర్చులేనిది. రోగి చేత 15 సెకన్లు గట్టిగా ముక్కించి, వెంటనే వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు పైకెత్తితే 43 శాతం మందికి లయ కుదురుకుందని 2015లో బ్రిటిష్ అధ్యయనం చూపింది. కాళ్లెత్తకుండా మామూలుగా ముక్కిస్తే 17 శాతమే. కుదరకపోతే అడినోసిన్ ఇంజెక్షన్. అది గుండెను కొన్ని సెకన్ల పాటు దాదాపు ఆపేస్తుంది. ప్రాణం పోతున్నట్టు అనిపిస్తుందని రోగికి ముందే చెప్పడం మర్యాద. గుండె మీద ఈ అణువు ప్రభావాన్ని డ్రూరీ, సెంట్ జార్జీ 1929లో ప్రకటించారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్క్‌తో కలిసి హార్వర్డ్‌లో, కణాలకు శక్తినిచ్చే ఏటీపీని వెలికితీసినదీ అదే ఏడాది. ఆ ఏటీపీలో ఒక భాగమే అడినోసిన్.

ఇక్కడా గీతను పైపైన చదివితే ముప్పుంది. పుట్టుకతో అదనపు విద్యుత్ దారి ఉన్న గుండెలో కర్ణికలు వణికితే, తెర మీద గజిబిజిగా, వెడల్పుగా, అతి వేగంగా కనిపిస్తుంది. దానికి వెరాపమిల్ లాంటి మందు ఇస్తే అసలు దారి మూసుకుపోయి దొడ్డిదారి బార్లా తెరుచుకుంటుంది. జఠరికలు కూడా వణుకులోకి జారవచ్చు.

మరీ నెమ్మదించిన గుండె ఇంకో తీరు. అట్రోపిన్ 1 మిల్లీగ్రాము, మొత్తం మూడు దాటకుండా ఇస్తారు. అడ్డంకి ఇరుకు దారికి దిగువన ఉంటే అది పెద్దగా పనిచేయదు. అప్పుడు ఛాతీ మీది పలకలతోనో, సిర గుండా పంపిన తీగతోనో గుండెను తాత్కాలికంగా నడిపించాలి. శాశ్వత పేస్‌మేకర్ మొదట అమరింది 1958లో స్టాక్‌హోమ్‌లో, ఆర్నె లార్సన్ అనే రోగికి. ఆయన జీవితంలో 26 పేస్‌మేకర్లు మార్చుకుని 2001 దాకా బతికాడు.

మూలం వేరే చోట

గీత గుండెది, జబ్బు మరొకచోటిది అయినప్పుడే వైద్యుడికి అసలైన పరీక్ష. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు ఇంటింటి కథ. డయాలిసిస్ తప్పిపోయినవారి రక్తంలో పొటాషియం పేరుకుంటుంది. ఈసీజీలో టీ తరంగాలు సూదుల్లా లేచి, అలలు వెడల్పవుతూ పోయి, చివరికి గుండె ఆగుతుంది. ఆ వెడల్పు అలల్ని టాకికార్డియాగా పొరబడి లయ మందులిస్తే పరిస్థితి ఇంకా విషమిస్తుంది. కావలసింది కాల్షియం ఇంజెక్షన్. అది పొటాషియాన్ని తగ్గించదు గానీ నిమిషాల్లో గుండెకు కవచం తొడుగుతుంది. ఇన్సులిన్, గ్లూకోజ్ కలిపి ఇస్తే పొటాషియం కణాల్లోకి వెళుతుంది. ఒంట్లోంచి దాన్ని బయటికి పంపేది మాత్రం డయాలిసిసే.

పచ్చగన్నేరు విషం దక్షిణ భారతంలోనూ శ్రీలంకలోనూ అత్యవసర వార్డులకు పాత పరిచయం. అది డిజాక్సిన్ అనే గుండె మందుకు దగ్గరి చుట్టం. గుండెను నెమ్మదింపజేస్తుంది, దారులు మూసేస్తుంది. డిజాక్సిన్‌కు విరుగుడుగా తయారైన యాంటీబాడీలు దీనికీ పనిచేస్తాయని శ్రీలంకలో వైద్యులు 2000లో నిరూపించారు. కానీ వాటి ధర అవి ఎక్కువగా కావలసిన చోట్లకే అందనంత ఎక్కువ.

మరొకటి టోర్సాడ్. 1966లో పారిస్ వైద్యుడు దెసెర్తెన్ వర్ణించిన ఈ లయలో అలలు తాడు పేనినట్టు మెలికలు తిరుగుతాయి. కొన్ని యాంటీబయాటిక్‌లు, మానసిక వ్యాధుల మందులు, మలేరియా మందులు, ఒంట్లో పొటాషియం, మెగ్నీషియం తగ్గడం దీన్ని తెచ్చిపెడతాయి. విరుగుడు 2 గ్రాముల మెగ్నీషియం. అలవాటుగా అమియోడరోన్ ఎక్కిస్తే అగ్గికి ఆజ్యం పోసినట్టే.

రోజులో మూడు, అంతకన్నా ఎక్కువసార్లు జఠరికల ప్రాణాంతక లయలు విరుచుకుపడితే దాన్ని విద్యుత్ తుపాను అంటారు. షాక్ నొప్పి, భయం ఒంట్లో అడ్రినలిన్‌ను పెంచుతాయి. అది మరో దాడిని పిలుస్తుంది. ఇక్కడ మేలుచేసేవి మత్తు, ప్రొప్రనలాల్ లాంటి బీటా బ్లాకర్లు, మెడ దగ్గర గుండెకు వెళ్లే నరాల ముడికి మత్తు సూది.

గుండె తిరిగొచ్చాక

నాడి తిరిగి అందడంతో పని సగమే అయినట్టు. ధమని పూడి ఉంటే తెరవాలి, జ్వరం రానివ్వకూడదు. ఒంటిని 33 డిగ్రీలకు చల్లబరిస్తే మెదడు దక్కుతుందని చాలాకాలం నమ్మారు. జ్వరాన్ని అడ్డుకోవడంతో పోలిస్తే దానివల్ల అదనపు మేలు లేదని 2021 నాటి పెద్ద అధ్యయనం తేల్చింది. ఎంతకీ లొంగని గుండె ఉన్న రోగికి, రక్తాన్ని బయటికి తీసి ప్రాణవాయువు నింపి తిరిగి పంపే ఎక్మో యంత్రం తగిలించే ప్రయత్నాల మీద 2020లో మినెసోటా నుంచి ఆశాజనకమైన ఫలితం, 2023లో నెదర్లాండ్స్ నుంచి అంత తేడా లేదన్న ఫలితం వచ్చాయి. చర్చ నడుస్తోంది.

మళ్లీ లయ తప్పితే వెంటనే షాక్ ఇచ్చేలా ఒంట్లోనే ఉండి కాపలా కాసేది ఐసీడీ. ఆప్తుడైన గురువు లయ తప్పి చనిపోవడంతో మిషెల్ మిరోవ్‌స్కీ పట్టుబట్టి తయారుచేసిన ఈ పరికరాన్ని 1980లో తొలిసారి మనిషిలో అమర్చారు. 2021 జూన్ 12న కోపెన్‌హాగెన్ మైదానంలో, ఫిన్లాండ్‌తో ఆడుతూ డెన్మార్క్ ఫుట్‌బాల్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సన్ కూలిపోవడం ప్రపంచమంతా చూసింది. అక్కడికక్కడే సీపీఆర్, షాక్ అందాయి. తర్వాత ఐసీడీ అమర్చుకుని మరుసటి ఏడాదే మళ్లీ మైదానంలోకి దిగాడు.

మన వాకిట్లో

మన దగ్గర 108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలై దేశంలో ఎన్నో రాష్ట్రాలకు పాకింది. 2023లో తెలంగాణ ప్రభుత్వం పోలీసులకు, ఇతర సిబ్బందికి సీపీఆర్ శిక్షణ మొదలుపెట్టింది. ఇవి సరైన దిక్కులో పడిన అడుగులే. అయితే అంబులెన్సు ఎంత వేగంగా వచ్చినా, నిమిషానికి పది శాతం దాకా కరిగే లెక్కతో పోటీపడలేదు. ఆ వ్యవధిని నింపగలిగేది అప్పటికే అక్కడున్న మనిషి: కొడుకో, కండక్టరో, పక్కింటావిడో. పిల్లలకు ఈత, సైకిలు నేర్పినట్టు ఛాతీ నొక్కడమూ బడిలో నేర్పాలి. బస్టాండులో తాగునీటి కుళాయి ఎక్కడుందో తెలిసినట్టు ఏఈడీ ఎక్కడుందో తెలియాలి.

వైద్యులు గీత మీంచి కళ్లు మరల్చి మనిషిని చూడటం నేర్చుకోవడానికి ఎన్నో దశాబ్దాలు, ఎన్నో ప్రాణాలు పట్టాయి. పక్కింటావిడకు ఆ బాధ లేదు. ఆమె ముందు మానిటర్ లేదు, గీత లేదు. పిలిస్తే పలకని మనిషి, సరిగా ఆడని ఊపిరి, ఆ రెండే కనిపిస్తాయి. మొదటి నిమిషంలో తెలియవలసినవీ ఆ రెండే. 108కు ఫోన్ కలిపి, స్పీకర్ ఆన్ చేసి పక్కన పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని నొక్కడం మొదలుపెడితే, ఆ తర్వాత వచ్చే కరెంటుకూ మందుకూ పనిచేయడానికి ఒక మనిషి మిగిలి ఉంటాడు.